పలుగు ఎత్తే ముందు గుడి తలుపు తీయండి

బాపట్ల, చీరాల, రేపల్లె, తెనాలి ప్రాంతాల క్రైస్తవ సంఘాల పెద్దలకు, పాస్టరు గార్లకు, ఫాదర్లకు, చర్చి ఆస్తుల బాధ్యత చూస్తున్న అధికారులకు,



పోయిన నెలలో ఒక ఆదివారం, మన ప్రాంతంలోని ఒక పాత గుళ్ళో ఆరాధన ముగిశాక సెక్రటరీ గారు లేచి తీర్మానం చదివారు. పాత మందిరం తీసేస్తారట. అదే స్థలంలో గ్యాలరీతో, ఏసీతో రెండంతస్తుల కొత్త మందిరం కడతారట. క్రిస్మస్ వెళ్ళగానే పని మొదలట. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నా చేతులు లేవలేదు. మా చుట్టాలమ్మాయి పెళ్ళి ప్రకటన వినడానికి పోయినదాన్ని, ఆ తీర్మానం విని ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక ఊరి తగాదాగా మిగిలిపోతుంది. నా బాధ ఒక్క ఊరితో కాదు. నేను చిన్నప్పుడు చూసిన పెంకుటి గుళ్ళు ఈ చుట్టుపక్కల ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. మిగిలిన వాటికి ఆదివారం మధ్యాహ్నం తాళం పడితే మళ్ళీ ఆదివారం దాకా తీయరు. కూల్చడమూ, తాళం వేసి ఉంచడమూ ఒకే ఆలోచన నుంచి పుట్టాయి. వారానికి రెండు గంటలు జనం కూర్చోవడానికి ఒక కప్పు ఉంటే చాలు, అదే గుడి అనుకుంటున్నారు మీరు. కప్పు చాలకపోతే మార్చేయొచ్చు, పని లేనప్పుడు మూసేయొచ్చు. ఈ ఆలోచనని నేను ఒప్పుకోలేను.

నేను పేరాల దాన్ని. ముప్పై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండేళ్ళ కిందట వేసవికి ముందు మా అమ్మాయి నన్ను ఇటలీ తీసుకుపోయింది. తనకి జర్మనీలో ఉద్యోగం. పది రోజులు, రెండే ఊళ్ళు: రోము, ఫ్లోరెన్సు. పరుగులు పెట్టనని ముందే చెప్పాను. రోజుకి రెండు చర్చిలు, మధ్యలో ఏ అరుగు మీదో కూర్చోవడం. మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే అక్కడి చిన్న చర్చిలు చాలావరకు మూసేస్తారు, మళ్ళీ మూడున్నర, నాలుగింటికి తీస్తారు. ఆ వేళకి మేమూ గదికి పోయి నడుం వాల్చేవాళ్ళం. సాయంత్రం మళ్ళీ బయల్దేరేవాళ్ళం. భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని ఉంటే చాలు, నువ్వెవరు, ఏ సంఘం అని గుమ్మం దగ్గర ఎవరూ అడగలేదు.

రోములో సాన్ లుయిజీ అనే చర్చి ఉంది. ఎడమ పక్క చివరి గదిలో కరవజ్జో అనే చిత్రకారుడు 400 ఏళ్ళకి పైగా కిందట మత్తయి జీవితం మీద మూడు బొమ్మలు వేశాడు. గది చీకటి. గోడకి ఒక పెట్టె ఉంది. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. సుంకం లెక్క చూసుకుంటున్న మత్తయిని ప్రభువు చెయ్యి చాచి పిలుస్తున్నాడు. ‘నన్నేనా?’ అన్నట్టు బల్ల దగ్గర ఒకాయన వేలు పెట్టి చూపిస్తున్నాడు. దీపం ఆరింది. ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు ఇంకో నాణెం వేశాడు. మళ్ళీ ఆరింది. ఈసారి మా అమ్మాయి వేసింది. అలా ఒకరి తర్వాత ఒకరం చిల్లర వేసుకుంటూ, పది పన్నెండు మందిమి ఆ గది ముందు చాలాసేపు నిలబడ్డాం. సండే స్కూల్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పిలుపంటే ఏమిటో ఆ రోజు నా కళ్ళతో చూశాను.

ఇంకో రోజు సాన్ క్లెమెంతే అనే గుడికి పోయాం. పైన ఉన్నది 1100 ప్రాంతంలో కట్టింది. మెట్లు దిగితే దాని కింద ఇంకో గుడి, నాలుగో శతాబ్దానిది. ఇంకా దిగితే రోమను కాలపు ఇటుక గోడలు, మిత్ర అనే దేవుణ్ణి కొలిచిన గుహలాంటి గది. అడుగున ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. పై గుడి కట్టినవాళ్ళు కింది గుడిని తవ్వి పారేయలేదు. మట్టితో నింపి, దాని మీద కట్టుకున్నారు. 1857లో ముల్లూలీ అనే ఐరిష్ ఫాదరు తవ్వించడం మొదలుపెడితే మళ్ళీ వెలుగు చూసింది. వాళ్ళూ పాతది వదిలేసి కట్టుకున్నదే ఆ కొత్త గుడి. అయినా పాతది మిగిలింది. ఆ కింది గదిలో చల్లటి గోడకి చెయ్యి ఆనించి నిలబడితే నాకు మా నాయనమ్మ పోయే గుడి గుర్తొచ్చింది. ఆ గుడి ఇప్పుడు లేదు. దాని రాళ్ళు ఎటు పోయాయో కూడా ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి మా అమ్మాయి ఒక మాట అంది. ‘అమ్మా, వీళ్ళకి ఇన్ని బొమ్మలున్నాయి, పాలరాళ్ళున్నాయి. మన దగ్గర ఏముందని దాచుకోవాలి?’ అప్పటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇప్పుడు మీకు రాస్తున్నాను. మీరూ అదే ప్రశ్న వేసుకుని, ఏమీ లేదని తేల్చుకున్నట్టున్నారు కనక.

అక్కడి గుళ్ళకి డబ్బిచ్చింది పోపులు, కార్డినళ్ళు, వడ్డీ వ్యాపారంతో కోట్లు గడించిన కుటుంబాలు. వాళ్ళ వంశాల గుర్తులు గోడల మీద చెక్కి ఉన్నాయి. మన గుళ్ళు కట్టింది ఎవరు? 1842 జులై 31న లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన తర్వాత రేపల్లె, తెనాలి వైపు లూథరన్లు, బాపట్ల వైపు బాప్టిస్టులు, స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు పని చేశారు. కేథలిక్ గురువులు సరేసరి. అమెరికా నుంచి, యూరప్ నుంచి డబ్బు వచ్చింది, కాదనను. కానీ ఇటుక మోసింది ఎవరు? సున్నం తొక్కింది ఎవరు? 1876లో మొదలైన కరువు గుర్తు చేసుకోండి. మనకి దిగువన మద్రాసు వైపు పోయే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్న మాల మాదిగ పల్లెల వాళ్ళకి కూలి ఇప్పించారు. కరువు నడుస్తున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపారు, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తట్టలు మోసిన చేతులే, ఆ తర్వాత పల్లె పల్లెనా మన గుళ్ళ గోడలు లేపాయి.

మా నాయనమ్మ పొయ్యి దగ్గర ఒక చిన్న ముంత ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఇంట్లో నలుగురికి చాలని రోజైనా ఆ పిడికెడు తప్పేది కాదు. శనివారం ఆ బియ్యం గుడికి పోయేవి, అవి అమ్మిన డబ్బు మందిరం ఖాతాలో పడేది. పిడికెడు బియ్యం అంటే మీలో ప్రతి ఇంట్లోనూ అర్థమవుతుంది. ఎన్ని వేల ముంతలు కలిస్తే ఒక దూలం వచ్చిందో ఎవరైనా లెక్క కట్టారా? ఆ దూలాన్ని ఇప్పుడు పాత కలప వ్యాపారికి ఎంతకి తూచి ఇస్తారు?

ఇంకొక మాట. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా ఊళ్ళోని కోవెల గుమ్మం మన తాతలకి మూసే ఉంది. ఊరి బావి లేదు, ఊరి బడి లేదు. పల్లెలో నిలబడి ‘ఇది మాది’ అని చెప్పుకోగలిగిన మొదటి పక్కా కట్టడం ఈ గుడే. రాత్రిళ్ళు లాంతరు పెట్టి అక్షరాలు నేర్పింది ఇక్కడే. జాషువా గారి లాంటి మహాకవి గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పాఠాలు చెప్పారంటే, ఆ వరసంతా ఇలాంటి గోడల మధ్య మొదలైందే. రాజుల చరిత్ర శాసనాల్లో ఉంది. కరణాల చరిత్ర దస్తావేజుల్లో ఉంది. పల్లె వాళ్ళ చరిత్రకి సాక్ష్యం ఏది? ఈ గోడలు, వెస్ట్రీ బీరువాలో చెదలు పట్టిపోతున్న బాప్తిస్మం రిజిస్టర్లు, వెనక దొడ్లో గడ్డి కప్పేసిన సమాధి రాళ్ళు. ఈ మూడూ ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నాయి. మా అమ్మాయి అడిగినదానికి జవాబు ఇది. దాచుకోవాల్సింది మన దగ్గరే ఎక్కువ ఉంది, ఎందుకంటే మనవాళ్ళ గురించి ఇంకెక్కడా రాసి లేదు.

ఒకసారి అలాంటి రిజిస్టరు ఒకటి తెరిచి చూశాను. సిరా గోధుమరంగుకి తిరిగింది. ఒక గడిలో పాత పేరు, పక్క గడిలో కొత్త పేరు, ఆ పక్కన ఊరు, కులం, చివర్లో వేలిముద్ర. ఆ పేజీలో మా ముత్తవ్వ ఉంది. ఫోటో లేని మనిషి ఆవిడ. లోకంలో ఆవిడ మిగిల్చిన గుర్తు ఆ వేలిముద్ర ఒక్కటే. మీ తీర్మానంలో ఆ బీరువా ఎక్కడికి పోతుందో ఒక్క వాక్యం లేదు.

ఇప్పుడు మీరు చెప్పే కారణాలు. వాటిని కొట్టిపారేయడం లేదు, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

పాతబడింది, ఎప్పుడు పడుతుందో తెలియదు అంటున్నారు. మన ప్రాంతంలో ఈ మాట అన్నవాళ్ళని తేలిగ్గా తీసిపారేయలేం. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు వందమంది ఆ చర్చి కూలి చనిపోయారు. మన తరం ఆ రాత్రిని మర్చిపోలేదు. గుడి కప్పు కిందికి పరుగెత్తిన వాళ్ళని ఆ కప్పే మింగింది. కాబట్టి భయం నిజమైనదే. భయం ఉన్నప్పుడు ఏం చెయ్యాలి? పరీక్ష చేయించాలి. మీరు చేయించారా? సున్నపు కట్టుబడి తెలిసిన ఇంజినీరుని ఒక్కరినైనా పిలిచారా? లేక కొత్త బిల్డింగు కట్టే కాంట్రాక్టరునే పాతది పనికొస్తుందా అని అడిగారా?

ఇటలీలో అసిసీ అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ భక్తుడి గుడి ఉంది. 1997 సెప్టెంబరు 26న భూకంపం వచ్చింది. రాత్రి వచ్చిన కుదుపుకి ఏం దెబ్బతిందో చూడటానికి పొద్దున లోపలికి పోయిన నలుగురు, ఇద్దరు సన్యాసులు, ఇద్దరు నిపుణులు, మళ్ళీ కుదిపేసరికి పైకప్పు కూలి చనిపోయారు. ఏడు వందల ఏళ్ళనాటి గోడ బొమ్మలు పెచ్చులై నేల మీద పడ్డాయి. వాళ్ళు బుల్‌డోజరు తేలేదు. ఆ పెచ్చుల్ని ఏరి, జల్లెడ పట్టి, బల్లల మీద పరిచి, వేలి గోరంత ముక్కల్ని రంగుని బట్టి కలిపారు. కప్పులో భూకంపానికి తట్టుకునే కట్టుబడి చేర్చారు. 1999 నవంబరులో గుడి తెరిచారు. చనిపోయిన నలుగురి కోసమే ఆ కప్పుని గట్టిగా కట్టారు, వాళ్ళ కోసమే ఆ గుడిని నిలబెట్టారు. మనవాళ్ళు వంద మంది పోయిన నేల ఇది. మిగిలిన పాత గుళ్ళని పరీక్ష చేయించి బలపరచడానికి అంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

వాన కారుతోంది, గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి అంటున్నారు. తీర్మానం చదివిన గుళ్ళో ఉత్తరం గోడ దగ్గర నేను ఒక పెచ్చు చేతిలోకి తీసుకున్నాను. పైన అరంగుళం సిమెంటు, దాని మీద మూడు పొరల ఎనామిల్ రంగు. వెనక అసలు సున్నం తడిసి ముద్దయి, పిండిలా రాలుతోంది. ఆ గోడ రెండడుగుల మందం. గానుగలో ఎద్దులు తిప్పిన సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి కట్టింది. సున్నపు గోడ తడి పీల్చి, ఎండకి మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే లోపలి తడికి బయటికి దారి ఉండదు. ఉప్పు పూస్తుంది, ఇటుక కొరుక్కుపోతుంది. గుడిని పాడు చేసింది దాని వయసు కాదు, మధ్యలో ఎప్పుడో మనం చేసిన రిపేరు. ఆ తప్పు మీద ఇంకా పెద్ద తప్పు చేస్తారా? సముద్రం పక్కనుండే మనకి స్లాబుల సంగతి తెలియదా? పాతికేళ్ళు తిరక్కుండా కంబి తుప్పెక్కి, కింది పెచ్చు ఊడి అన్నం పళ్ళెంలో పడ్డ ఇళ్ళు మన వీధుల్లో ఎన్ని లేవు? వందేళ్ళు నిలిచిన దాన్ని పడగొట్టి ముప్పై ఏళ్ళకి రిపేరుకి వచ్చేదాన్ని కడుతున్నారు. ఆ ముప్పై ఏళ్ళ తర్వాత చందా ఎవరిస్తారు?

సంఘం పెరిగింది, చోటు చాలదు అంటున్నారు. నిజమే, సంతోషం. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి పందిరి వేసుకోవడం నేనూ చూస్తున్నాను. కానీ మన మిషన్ కాంపౌండ్లలో స్థలానికి కరువా? పాత బోర్డింగు స్థలం ఉంది, దొరగారి బంగళా పడిపోయిన స్థలం ఉంది. కొత్త మందిరం అక్కడ కట్టండి. పాత గుళ్ళో పెళ్ళిళ్ళు, ప్రార్థన కూడికలు, సండే స్కూలు జరుగుతాయి. ఆ స్థలాలు షాపులకి అద్దెకిచ్చి, గుడి స్థలంలో గుడి మీదే గుడి కట్టాలన్న లెక్క ఎవరిది?

చివరికి పాస్టరు గార్లు చెప్పే మాట ఒకటుంది. మందిరమంటే గోడలు కాదమ్మా, విశ్వాసులే సజీవమైన రాళ్ళు అంటారు. ఈ మాట నేనూ నమ్ముతాను. నమ్ముతూనే అడుగుతున్నాను. గోడలు ముఖ్యం కాకపోతే కొత్త గోడలకి ఇంటికింత అని రేటు ఎందుకు వేశారు? పునాది రాయి మీద ఎవరి పేరు ముందు ఉండాలని మూడు మీటింగులు ఎందుకయ్యాయి? సజీవమైన రాళ్ళలో పోయినవాళ్ళు లేరా? ఆ గుడి గడప ఒకసారి చూడండి. రాతి గడప, మధ్యలో దోసిలిలా పల్లమైంది. వందేళ్ళుగా చెప్పులు బయట విప్పి, ఉత్త కాళ్ళతో తొక్కి తొక్కి అరగదీసిన మనుషులు వాళ్ళు. బిడ్డని ఎత్తుకుని బాప్తిస్మానికి లోపలికి పోయినవాళ్ళు, పెట్టెని భుజాన పెట్టుకుని బయటికి వచ్చినవాళ్ళు.

డబ్బు మాటా ఎత్తుతారు, అది న్యాయమే. ఇటలీలోనూ గుళ్ళు ఊరికే నిలబడలేదు. అక్కడ ఆదాయపు పన్నులో వెయ్యికి ఎనిమిది వంతుల్ని ఏ మతానికి ఇవ్వాలో, ప్రభుత్వానికే వదలాలో కట్టేవాళ్ళు చెప్పవచ్చు. చర్చికి వచ్చిన దాంట్లో కొంత పాత గుళ్ళ బాగుకి పోతుంది. రోములో పాంథియన్, 609 నుంచీ గుడిగా ఉన్నది, 2023 జులైలో చూడటానికి వచ్చే యాత్రికుల దగ్గర 5 యూరోలు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ డబ్బులో 70 శాతం ప్రభుత్వ సాంస్కృతిక శాఖకి, 30 శాతం రోము డయాసిస్‌కి. ప్రార్థనకి వచ్చినవాళ్ళకి టికెట్టు లేదు. మనకి అలాంటి ఏర్పాట్లు లేవు, నిజమే. అయితే రెండు కోట్లు పోగుచేయగలమని ప్రకటించిన సంఘానికి, అందులో పదో వంతుతో కప్పు దించి, పెంకు మార్చి, సిమెంటు గీకి, సున్నం పూయించడం చేతకాదా? అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలు కొత్త హాలుకి డబ్బు పంపిస్తున్నారు. తాతల గుడిని నిలబెడతాం, పంపండి అని వాళ్ళని ఒక్కసారైనా అడిగారా?

ఇటలీ ఎక్కడో ఉందంటారేమో. మెదక్ పక్కనే ఉంది. పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో పని ఇచ్చి కూడు పెట్టి కట్టించిన చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. 175 అడుగుల గోపురం. నేల మీద రంగు పలకలు పరచడానికి ఇటలీ నుంచి మేస్త్రీలు వచ్చారు. వందేళ్ళు దాటాక ఇవాళ్టికీ ఆ పలకల మీద నడుస్తున్నారు. బస్సుల్లో వచ్చేవాళ్ళలో అన్ని మతాల వాళ్ళూ ఉంటారు. కిటికీ అద్దాల మీద ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూసి, కాసేపు కూర్చుని పోతారు. డోర్నకల్ కెథీడ్రల్ చూడండి. ఆంగ్లికన్ సంఘాల్లో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు కట్టించారు, 1939లో ప్రతిష్ఠ. గుమ్మటాలు, స్తంభాలు చూస్తే మసీదూ, కోవెలా, చర్చీ కలిసి ఒక్క కట్టడమయ్యాయి. మన నేల మీద మన పద్ధతిలో ప్రభువుని కొలవవచ్చని ఆ రాళ్ళు చెబుతున్నాయి. ఆ రెంటినీ అక్కడి సంఘాలు కూల్చుకోలేదు, తాళం వేసుకోలేదు. మన గుళ్ళు అంత పెద్దవి కావు. చిన్నవైనంత మాత్రాన తేలికైపోయాయా?

ఇది క్రైస్తవుల ఇంటి సంగతి, బయటివాళ్ళకెందుకు అని కూడా అనకండి. 2011లో బాపట్ల భావనారాయణ స్వామి గాలిగోపురం కూలినప్పుడు నేను పోయి ఆ రాళ్ళ గుట్ట దగ్గర నిలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తున్నారు. నాకూ కళ్ళు నిండాయి. ఆ గోపురం వాళ్ళదే అని నాకు అనిపించలేదు, ఊరిది. అలాగే మీ గుడి కూడా ఊరిదే. మిషన్ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు, మిషన్ బడిలో చదివినవాళ్ళు అన్ని కులాల్లో, అన్ని మతాల్లో ఉన్నారు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని చెప్పుకుని మురిసిపోతాం, సూర్యలంకకి హైదరాబాదు నుంచి కార్లు కడుతున్నాయి. వాటిలో వచ్చి సముద్రం చూసి తిరిగిపోయే పిల్లల్ని దారిలో ఒక పాత గుళ్ళో పది నిమిషాలు కూర్చోబెట్టే ఆలోచన ఏ అధికారికైనా వచ్చిందా? వస్తే మాత్రం ఏం లాభం, గుమ్మానికి తాళం ఉంటుంది.

మా ఊరి కథ మీకు తెలుసు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చారు. అంత పంతం పట్టినవాళ్ళు కూడా వదిలిపోయిన ఇళ్ళని కూల్చుకోలేదు. తిరిగి వచ్చినప్పుడు అవే గోడల మధ్యకి వచ్చారు. చిన్నప్పటి నుంచీ ఈ కథ విని పెరిగినదాన్ని. అధికారం ఉన్నవాళ్ళకి ‘ఇది కుదరదు’ అని చెప్పడం మా ఊరు నాకు నేర్పింది. అందుకే మీకు చెబుతున్నాను.

తీర్మానాన్ని వాయిదా వేయండి. సున్నపు కట్టుబడి తెలిసిన ఇంజినీరు వచ్చి చూసి రాసిచ్చేదాకా ఒక్క పెంకు కూడా దించకండి. రిజిస్టర్లని ఈ వారమే బీరువాలోంచి తీసి, ప్రతి పేజీ ఫోటో తీయించండి. దీనికి కమిటీ తీర్మానం అక్కర్లేదు, ఒక సెల్‌ఫోను, ఇద్దరు డిగ్రీ పిల్లలు చాలు. సమాధుల మీది గడ్డి పీకించండి. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా గుడి తలుపు తెరిచి ఉంచండి. వచ్చి కూర్చునేవాళ్ళని ఎవరు, ఎందుకని అడగకండి. కాపలాకి మనిషి లేడంటారేమో, నాలాంటి రిటైరైన వాళ్ళం ఊరికి పది మందిమి ఉన్నాం. వంతులు వేసుకుని కూర్చుంటాం.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నేను ఆ గుడి ఉత్తరం గుమ్మం దగ్గర ఉంటాను. టార్చిలైటు, నిచ్చెన తెస్తాను. మీలో ఎవరైనా ఇద్దరు ఆగండి. సెక్రటరీ గారు ఆగితే మరీ మంచిది. పైకి ఎక్కి ఆ దూలాలు తట్టి చూద్దాం. ఎక్కడ పుచ్చిందో, ఎక్కడ గట్టిగా ఉందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుందాం.

ఇట్లు,
పేరాల నుంచి,
మీ సంఘాల్లో ఒక సభ్యురాలు, రిటైరైన టీచరు